గ్లెన్‌కొలంకిల్ అనే ఐరిష్ పల్లె వలసలను తట్టుకుని ఎలా నిలబడింది?

ఐర్లాండ్ వాయవ్యాన, డొనెగాల్ జిల్లాలో అట్లాంటిక్ ఒడ్డున ఉన్న లోయ ఇది. 1951లో ఫాదర్ జేమ్స్ మెక్‌డయర్ ఇక్కడికి వచ్చేనాటికి ఊళ్లో పరిశ్రమలు లేవు, కరెంటు లేదు. యువత పడవెక్కి బ్రిటన్‌కో అమెరికాకో పోయేది. ఆయన ముందుగా జనం చేత శ్రమదానంతో కమ్యూనిటీ హాలు కట్టించారు. నలుగురూ కలిసే చోటు లేకపోతే సహకార సంఘం పుట్టదు కాబట్టి, నా దృష్టిలో అదే అసలు మలుపు. తర్వాత సహకార పద్ధతిలో కూరగాయల ప్రాసెసింగ్, అల్లికలు మొదలయ్యాయి.

1967లో తెరిచిన జానపద గ్రామం అనే ఆరుబయలు మ్యూజియంలో పాతకాలపు గడ్డి ఇళ్లున్నాయి. ఆ కప్పులను గమనించండి: గడ్డి మీదుగా తాళ్లు వేసి, చూరు కింద గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మేకులకు కడతారు. తాడు వదులైతే సముద్రపు గాలి చూరు కింద దూరి కప్పు లేపేస్తుంది.

వీటన్నిటికంటే పాతది 'తురస్' యాత్ర. జూన్ 9న, ఐరిష్ క్రైస్తవ సాధువు సెయింట్ కొలంబా పండుగనాడు, చెక్కిన శిలువ రాళ్లతో సహా 15 మజిలీలను దర్శిస్తూ దాదాపు 5 కిలోమీటర్లు నడుస్తారు. చాలాచోట్ల ప్రదక్షిణలు చేస్తారు. పవిత్ర బావి దగ్గరున్న రాళ్ల కుప్పకు మూడు రాళ్లు చేరుస్తారు. సంప్రదాయం ప్రకారం చెప్పులుండవు. నేల బురద, రాళ్లమయం కాబట్టి తొలిసారి వెళ్లేవారు బూట్లు వేసుకోవడమే మేలు.

1984లో మొదలైన ఓయిడియస్ గేల్ సంస్థ పెద్దలకు ఐరిష్ భాష నేర్పుతోంది. అలా వచ్చే విద్యార్థుల వల్ల ఊళ్లో బసలకూ దుకాణాలకూ ఆదాయం దొరుకుతోంది.