పాటలు రాసేవాళ్ళకి సాహిత్య బహుమతి ఇవ్వొచ్చా? కంపోజింగ్ చేసే మనిషిగా నా జవాబు

మీరు అడిగింది ముఖ్యంగా రెండు ముక్కలు. 2016లో అమెరికా పాటగాడు బాబ్ డిలన్‌కి సాహిత్యంలో నోబెల్ ఇవ్వడం సబబేనా అని ఒకటి, మన తెలుగులో పాటలు రాసేవాళ్ళకి అంత పెద్ద సాహిత్య బహుమతులు ఎందుకు రావు అని రెండోది. మొదటిదానికి నా జవాబు సబబే అని. కానీ దాన్ని సమర్థించేవాళ్ళు మామూలుగా చెప్పే కారణం మాత్రం నాకు నచ్చదు. రెండోదానికి జవాబు ఆ బహుమతుల నిబంధనల్లో ఉంది, అది నా పని వల్ల నాకు బాగా తెలుసు కాబట్టి అక్కడే కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఓపిక పట్టండి.

నేను సాహిత్యం చదువుకున్న మనిషిని కాదు. విశాఖపట్నంలో డీటీపీ (కంప్యూటర్లో టైపు చేసి అచ్చుకి పేజీలు కట్టే పని) చేస్తాను. డాబా గార్డెన్స్ వైపు చిన్న షాపు, ప్రింటింగ్ పని మా ఆయన చూసుకుంటారు, కంపోజింగ్ నాది. పెళ్ళికార్డులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఎలక్షన్ వస్తే కరపత్రాలు, వీటి మధ్యలో కవిత్వం పుస్తకాలు. మా ఊళ్ళో కవులకి కొదవ లేదు, రిటైరైన ప్రతి ఉద్యోగి బీరువాలోనూ ఒక సంపుటికి సరిపడా కవితలు ఉంటాయి (ఎగతాళి కాదండీ, మా ఇల్లు గడిచేది సగం వాళ్ళ వల్లే). వచన కవిత కంపోజ్ చెయ్యడం హాయి. లైను ఎక్కడ విరగాలో కవిగారే రాసిస్తారు, మనం అక్కడే విరుస్తాం, రెండు ప్రూఫులు చూసుకుంటారు, ఫైనల్ అని సంతకం పెడతారు, ప్లేట్లకి పంపేస్తాం. చిక్కంతా పాటతోనే.

కొన్నేళ్ళ కిందట పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వాళ్ళమ్మాయితో కలిసి మా షాపుకి వచ్చారు. సమ్మెలప్పుడు, యూనియన్ మీటింగుల్లో, వాళ్ళ ఊరి అమ్మవారి పండగల్లో పాడిన పాటలు, నోటుబుక్కుల నిండా. ఏదో సాహిత్య సంస్థ పురస్కారానికి పిలుపు ఇచ్చిందట, పంపాలంటే పుస్తకం ఉండాలి, అందుకని వాళ్ళమ్మాయి పట్టుబట్టి తీసుకొచ్చింది. చేతిరాత నాకు అర్థం కాక ఆయన్నే పక్కన కుర్చీ వేసి కూచోబెట్టి, పాడించుకుంటూ టైపు చేశాను. అప్పుడు బయటపడింది, నోటుబుక్కులో ఉన్నదొకటి, ఆయన పాడుతున్నదొకటి. "మాస్టారూ, ఇక్కడ వేరేలా రాసుంది కదా" అంటే, "అది పోర్టు గేటు కాడ పాడినప్పుడమ్మా, ఊర్లో అయితే ఇలగ పాడతాను" అన్నారు. మరి పుస్తకంలో ఏది పెట్టమంటారు? "రెండూ నా పాటే కాదేటి, నీకేది బాగుంటే అది ఎట్టు." కవి ఎవరైనా అలా అంటాడా చెప్పండి! ఒక కామా మారిస్తే ఫోన్ చేసి అరగంట మాట్లాడేవాళ్ళని చూశాను నేను.

ఇంకో సంగతి పల్లవి. పాటల పుస్తకాల్లో మీరు చూసే ఉంటారు, ప్రతి చరణం కింద పల్లవి మొత్తం మళ్ళీ వెయ్యం, మొదటి మాట ఒక్కటీ తీసుకుని అటూ ఇటూ రెండేసి నిలువు గీతలు పెట్టేస్తాం. కాగితం ఆదా, పేజీలు తగ్గుతాయి, ఫారాల (అంటే ఒక్కో షీటులో పట్టే పేజీల) లెక్క కుదురుతుంది. ఆయన పాటల్లో ఒకటి, డ్యూటీకి వెళ్ళిన ఖలాసీ (పోర్టు కార్మికుడు) కోసం పెళ్ళాం ఎదురుచూసే పాట. పల్లవిలో షిఫ్టు అయిపోయింది, ఇంకా రాలేదేమిటి అని అడుగుతుంది. మొదటి చరణం తర్వాత అది సరసంగా ఉంటుంది, రెండో చరణం తర్వాత విసుగ్గా ఉంటుంది, మూడో చరణంలో క్రేను కింద ప్రమాదం, ఆ తర్వాత అదే పల్లవి, అక్షరం తేడా లేదు, అది వినలేం. పేజీ మీద మాత్రం మూడు చోట్లా రెండేసి గీతల మధ్య అదే ఒక్క మాట. ఆ ఒక్క పాటకి పల్లవి నాలుగుసార్లూ పూర్తిగా వేశాను, ఒక పేజీ పెరిగినా ఫర్వాలేదని. వేసి ప్రింటు తీసి చూస్తే అచ్చులో అది పొరపాటున రిపీటయినట్టే కనిపించింది గానీ అర్థం మారినట్టు కనిపించలేదు.

ఆ పైన ప్రూఫు. తెలిసిన లెక్చరర్ ఒకరు మంచి మనసుతోనే చూసిపెట్టారు, యాస ఉన్నచోటల్లా పుస్తకాల భాషలోకి దిద్దేసి, ఎల్తన్నాను అన్నదాన్ని వెళ్తున్నాను చేసి, పొల్లులు, ఒత్తులు అన్నీ సరిచేసి ఇచ్చారు. పెద్దాయన దిద్దిన కాగితం పట్టుకుని పాడబోయి ఆగిపోయి నవ్వారు, "ఇది పాడాలంటే రెండు ఊపిర్లు కావాలమ్మా." మొత్తం మళ్ళీ వెనక్కి మార్చాం.

పుస్తకం వచ్చింది, కాపీలు పంపారు. సంస్థ వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, ఇవి పాటలు కదా, కవిత్వం విభాగంలో పరిశీలించలేం, జానపదం అనుకుందామంటే మీరు సొంతంగా రాసినవి కాబట్టి అందులోనూ రావు అని. ఆయనకి పెద్ద బాధ కూడా లేదు, మిగిలిన కాపీలు యూనియన్ ఆఫీసులో పంచేశారు. కోపం వచ్చింది వాళ్ళమ్మాయికీ నాకూ.

ఇప్పుడు డిలన్ దగ్గరికి వద్దాం. 2016 అక్టోబర్ 13న ప్రకటించినప్పుడు, ఆ నోబెల్ ఇచ్చే స్వీడిష్ అకాడమీ చెప్పిన కారణం, అమెరికా పాటల సంప్రదాయంలో కొత్త కవితా వ్యక్తీకరణలు సృష్టించినందుకు అని. అప్పటి అకాడమీ కార్యదర్శి సారా డానియస్ దాన్ని సమర్థిస్తూ ప్రాచీన గ్రీకు కవులు హోమర్‌నీ, సాఫోనీ గుర్తుచేశారు. వాళ్ళు రాసినవీ వాద్యాలతో పాడి వినిపించడానికే కదా, ఇవాళ మనం చదువుకుని ఆనందించడం లేదా, డిలన్‌నీ అలాగే చదవొచ్చు అని. నాకు నచ్చనిది ఈ వాదనే. చదవడానికి బాగుంటేనే పాట సాహిత్యం అవుతుందంటే, మా ఖలాసీ పాట ఎప్పటికీ కాదు. అసలు డిలనే ఒప్పుకోలేదు ఆ మాట. 2017 జూన్‌లో ఇచ్చిన నోబెల్ ఉపన్యాసంలో, పాటలు సాహిత్యంలాంటివి కావు, అవి పాడడానికి ఉన్నవి, చదవడానికి కాదు అని తేల్చేశాడు. పైగా ఆయన స్టేజీ మీద తన పాటల వరసలే కాదు, ఒక్కోసారి మాటలు కూడా మార్చి పాడతాడని పేరు. మరి అందులో ఏది ఫైనల్ ప్రూఫ్? మా పెద్దాయన్ని అడిగిన ప్రశ్నే అది.

అయినా ఆయనకి బహుమతి ఎలా వచ్చిందంటే, నోబెల్ సాహిత్య బహుమతి ఫలానా పుస్తకానికి అని ఉండక్కర్లేదు, మనిషి మొత్తం పనిని చూసి ఇస్తారు. సాహిత్యం అంటే కథలూ కవితలే కాదు, రూపంలో, శైలిలో సాహిత్య విలువ ఉన్న ఇతర రచనలు కూడా అని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. 1953లో చర్చిల్‌కి ఇచ్చినప్పుడు చరిత్ర రచనతో పాటు ఆయన ప్రసంగాలనీ లెక్కలోకి తీసుకున్నారు. మైకు ముందు మాట్లాడింది సాహిత్యం అయినప్పుడు మైకు ముందు పాడింది ఎందుకు కాకూడదండీ?

డిలన్‌కి చాలా ముందే 1913లో రవీంద్రుడికి నోబెల్ వచ్చింది, ఆయన రెండు వేలకి పైగా పాటలు కట్టిన మనిషి. అయితే స్వీడన్ వాళ్ళ ముందుకి వెళ్ళింది ఆయనే ఇంగ్లీషులోకి మార్చుకున్న వచనం, వరస లేదు, బెంగాలీ నడక లేదు. అంటే పాటగాడికే ఇచ్చారు గానీ పాట వినకుండా ఇచ్చారు. వినిపించే పాటకి నోబెల్ రావడానికి ఇంకో 103 ఏళ్ళు పట్టింది.

ఇక మన సంగతి. సాహిత్య అకాడమీ అవార్డుకి ఇటీవలి ఐదేళ్ళ కాలంలో మొదటిసారి అచ్చయిన పుస్తకం ఉండాలి. పాట రాసేవాడికి అక్కడే దెబ్బ. నలభై ఏళ్ళు జనం నోళ్ళలో తిరిగిన పాటకి పుస్తకం ఉండదు, పుస్తకం వేసేసరికి రాసినాయన ముసలాయన అయిపోతాడు, లేదా పోతాడు. పాటలు రాసి పాడే గోరటి వెంకన్నగారికి 2021లో వచ్చింది, చాలా సంతోషం, అదీ 'వల్లంకి తాళం' అనే పుస్తకం చేతిలో ఉంది కాబట్టే వచ్చింది. జ్ఞానపీఠం 1982 నుంచి మొత్తం సాహిత్య కృషిని చూస్తోంది, కాబట్టి అక్కడ దారి కొంచెం వెడల్పు. సినారెగారికి 1988కి గాను వచ్చింది, కానీ ఎవరినైనా అడగండి, 'విశ్వంభర' కావ్యానికి వచ్చిందంటారు, సినిమా పాటలకి అని ఒక్కరూ అనరు, అనబోతే ఆయన్ని తక్కువ చేసినట్టు చూస్తారు. 2023 జ్ఞానపీఠం హిందీ సినిమా పాటల రచయిత గుల్జార్‌కి ఇచ్చారు, 89 ఏళ్ళ వయసులో. మన దేశంలో డిలన్ సంగతికి బాగా దగ్గరగా వచ్చేది అదే అనుకుంటాను, అక్కడ కూడా ఉర్దూ కవిత్వం పుస్తకాలూ కథలూ ఉన్నాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

మా వైపు చూడండి. శ్రీశ్రీ పుట్టింది విశాఖపట్నంలో. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు సినిమాలో పాటకి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది, అది సినిమా అవార్డుల లెక్కలోకే పోయింది, సాహిత్య సభల్లో ఆ ప్రస్తావన వస్తే పొట్టకూటి కోసం రాశారులే అన్నట్టు మాట్లాడేవాళ్ళని నేను విన్నాను. అనకాపల్లిలో పెరిగిన సిరివెన్నెల సీతారామశాస్త్రిగారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు, అది గౌరవమే, సాహిత్య బహుమతి మాత్రం కాదు. షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావుగారి పాటలు ఉత్తరాంధ్రలో చదువురానివాళ్ళకి కూడా కంఠతా వచ్చు. చదువురానివాళ్ళకి కంఠతా వచ్చే కవి మీకు ఇంకెవరైనా తెలుసా? ఆయన 2020లో పోయారు.

నా వాదనకి అడ్డం వచ్చేది కూడా ఒకటి ఉంది, అది దాచిపెట్టడం బాగోదు. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద మాటలూ రాగం పేరుతో దొరికాయి, వరసలు దొరకలేదు. ఇవాళ మనం వినే వరసలు చాలావరకు గత వందేళ్ళలో కట్టినవే. అందులో చాలా గొప్పవి కట్టిన నేదునూరి కృష్ణమూర్తిగారు మా విశాఖలోనే ఉండేవారు, 2014లో ఇక్కడే కన్నుమూశారు. అంటే రేకు మీద ఎక్కినవే మిగిలాయి, మాట మిగిలితే వరస మళ్ళీ పుడుతుంది. కాబట్టి పాట కాగితం మీదికి ఎక్కడం వృథా అనడం లేదు నేను, ఆ మాట నేనంటే నా షాపు మూసుకోవాలి. కాగితం మీద ఎలా కనిపిస్తోందో చూసి దానికి మార్కులు వెయ్యొద్దనే అంటున్నాను. పురస్కారాల వాళ్ళు పుస్తకంతో పాటు ఒక రికార్డింగ్ కూడా అడిగితే ఏం పోతుంది? ఈ రోజుల్లో ఫోన్లో పాడి పంపడానికి అయిదు నిమిషాలు. మా దగ్గరికి పాటల పుస్తకంతో వచ్చేవాళ్ళకి ఇప్పుడు వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్ వేసిస్తున్నాను, స్కాన్ చేస్తే వాళ్ళే పాడింది వినిపిస్తుంది, దానికి డబ్బులు తీసుకోను.

డిలన్‌కి వ్యతిరేకంగా చెప్పేవాటిలో ఒక్కటే నాకు సబబుగా తోస్తుంది. అప్పటికే లోకమంతా తెలిసిన, డబ్బున్న మనిషికి ఇస్తే, ఆ బహుమతి వల్లనే పాఠకులు దొరికే ఏ చిన్న భాష రచయితకో ఆ ఏడాది పోయినట్టే కదా అని. నిజమే. కానీ అది పాటకి ఇవ్వొద్దనడం కాదు, ఎవరికి ఇవ్వాలన్న తగువు. అది ప్రతి ఏడాదీ ఉంటుంది.

చివర్లో మీరు 'బహుమతి తీసుకోడానికి కూడా వెళ్ళలేదు, అంత పొగరా' అని కూడా అడిగారు. ప్రకటించాక రెండు వారాల దాకా ఆయన ఉలుకూ పలుకూ లేని మాట నిజమే, అకాడమీ సభ్యుడొకాయన అది అమర్యాద, అహంకారం అని బాహాటంగానే అన్నారు. బహుమతులిచ్చే డిసెంబర్ 10 సభకి వెళ్ళకపోయినా ప్రసంగం రాసి పంపాడు, స్వీడన్‌లో అమెరికా రాయబారి దాన్ని చదివారు. నా పాటలు సాహిత్యమేనా అని ఆలోచించుకునే తీరిక నాకు ఎప్పుడూ దొరకలేదు అంటాడు అందులో, నాకు బాగా నచ్చింది. ఆ సభలో ఆయన పాటని అమెరికా గాయని పాటీ స్మిత్ పాడుతూ టెన్షన్‌లో మధ్యలో తడబడి, సారీ చెప్పి మళ్ళీ అందుకుంది, వీడియో ఉంది, చూడండి. ఆ తర్వాత 2017 ఏప్రిల్ 1న స్టాక్‌హోంలో కచేరీకి వెళ్ళినప్పుడు కెమెరాలు లేకుండా పతకం తీసుకున్నాడు. డబ్బు మాత్రం ఉపన్యాసం ఇస్తేనే ఇస్తారు, అదీ డిసెంబర్ 10 నుంచి ఆరు నెలల్లోపల. గడువుకి కొద్ది రోజుల ముందు, జూన్ మొదటి వారంలో, రికార్డు చేసి పంపేశాడు. పొగరున్నా లేకపోయినా 80 లక్షల స్వీడిష్ క్రోనార్లు ఎవరు వదులుకుంటారండీ.