చెట్ల కింద ఫోను తడబడితే జియోకాష్‌ను ఎలా వెతకాలి?

పార్కులో చెట్ల మధ్య కాలిబాట పక్కన ఉన్న జియోకాష్ (ఒకరు దాచి స్థానాన్ని ఇంటర్నెట్‌లో ప్రకటిస్తే, ఆటగా ఇతరులు ఫోనుతో వెతికే డబ్బా) కోసం రెండుసార్లు వెళ్ళినా ఫోను చూపిన చోట ఏమీ దొరకలేదని, ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలే తప్పేమోనని మీరు అడిగారు. అవి తప్పే కావచ్చు. కానీ నేను ఖాళీ చేతులతో తిరిగివచ్చిన సందర్భాల్లో చాలావరకు తప్పు అంకెలది కాదు, చివరి పది మీటర్లలోనూ ఫోనునే నమ్ముకున్న నాది.

ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోను మన స్థానాన్ని సుమారు 5 మీటర్ల తేడాతో చెప్పగలదు. గుబురు కొమ్మల కింద ఉపగ్రహాల సంకేతాలు బలహీనపడతాయి, కొన్ని అడ్డంకులకు తగిలి చుట్టూ తిరిగి ఆలస్యంగా చేరతాయి, దాంతో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. డబ్బా దాచినవారు కూడా అవే చెట్ల కింద నిలబడి కొలిచి ఉంటారు కనుక వారి తేడా మీ తేడాకు తోడవుతుంది. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న దోషాన్ని ఆపివేయగా, ఆ మర్నాడే డేవ్ అల్మర్ ఒరెగాన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి, దాని స్థానాన్ని ఇంటర్నెట్‌లో ప్రకటించడంతో ఈ ఆట మొదలైంది. ప్రభుత్వం కలిపిన దోషం పోయింది గానీ, ఆకులు కలిపేది మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

ఇలాంటి దారిలోనే నేను ఒకసారి పడిపోయిన మాను చుట్టూ నలభై నిమిషాలు తిరిగాను. ఫోను మూడు మీటర్లు అనేది. నేను కదలకుండా నిలబడినా కాసేపటికి పద్నాలుగు అనేది. చివరకు చెట్లు లేని చోటికి వెనక్కి వచ్చి, ఫోను కుదురుకునే దాకా ఆగి, అక్కడి నుంచి బాణం ఎటు చూపుతోందో గుర్తు పెట్టుకున్నాను. తరువాత దారికి రెండో వైపున్న మరో ఖాళీ జాగా నుంచి అదే పని చేశాను. ఆ రెండు దిక్కులూ కలిసే చోట, నేను వెతికిన మానుకు చాలా దూరంలో, ఒక చెట్టు మొదట్లో తొర్ర ఉంది. దాని ముందు అయిదారు పుల్లలు పక్కపక్కనే వరుసగా పేర్చినట్లు ఉన్నాయి. రాలిన పుల్లలు అలా పడవు. వాటి వెనుక, బెరడు ముక్క అతికించిన చిన్న డబ్బా కనిపించింది.

కాబట్టి పది మీటర్ల లోపలికి రాగానే ఫోనును జేబులో పెట్టేసి, ప్రకృతి చేయనిదేదో కళ్ళతో వెతకండి. నేనైతే దాచినవారు ఇచ్చిన సూచనను ఆఖర్న చదువుతాను, కానీ రెండుసార్లు వెళ్ళివచ్చిన మీరు దాన్ని ఇప్పుడే చదివినా తప్పు లేదు. మట్టిని మాత్రం తవ్వకండి, ఎందుకంటే కాష్‌ను పాతిపెట్టకూడదన్నది ఈ ఆట నియమం. అంకెలను మీరే ఎక్కించి ఉంటే మరోసారి సరిచూసుకోండి: జియోకాషింగ్‌లో స్థానాన్ని డిగ్రీలు, దశాంశ నిమిషాలుగా (నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) రాస్తారు. దానిని దశాంశ డిగ్రీలుగా ఎక్కిస్తే కిలోమీటర్ల కొద్దీ పక్కకు పోతారు గానీ, నిమిషాల్లో మూడో దశాంశ అంకె ఒకటి పెరిగినా తగ్గినా వచ్చే తేడా రెండు మీటర్లకు మించదు.

మళ్ళీ బయలుదేరే ముందు ఇంటర్నెట్‌లో ఆ కాష్ పేజీలో ఇటీవలి సందర్శకుల నమోదులు చూడండి. వరుసగా నలుగురైదుగురు దొరకలేదని రాసి ఉంటే డబ్బా పోయి ఉండవచ్చు, అప్పుడు మూడోసారి వెళ్ళే బదులు దాచినవారికి ఒక సందేశం పంపడమే మేలు.