ఆలయవాడను ఎక్కడ నిలపాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: భూస్వామ్య యుగపు జపాన్‌ను తలపించే ఒక ఊహానగరం నేపథ్యంగా నవల రాస్తున్నాను. కోట, సమురాయ్‌ల ఇళ్ళు, వర్తకుల వీధులు బాగానే కుదిరాయి. ఆలయవాడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పొగమంచు, దీపాలు, ఎర్రని ద్వారాలు తప్ప మరేమీ రాయలేకపోతున్నాను. ఆ వాడను నగరంలో ఏ దిక్కున పెట్టాలి?

జవాబు: దిక్కు కంటే ముందు మీరు తేల్చుకోవలసింది, ఆ ఆలయాలను అక్కడికి ఎవరు చేర్చారన్నది. జపాన్ కోట పట్టణాలలోని ఆలయవాడలు చాలామటుకు భక్తుల రాకపోకలతో వాటంతటవే పెరిగినవి కావు. పాలకుడు ఆజ్ఞాపించగా, ఊరంతా చెదరి ఉన్న ఆలయాలు తట్టాబుట్టా సర్దుకొని వచ్చి ఒకచోట వరుసగా నిలబడినవి. 1590, 1591 ప్రాంతంలో జపాన్ పాలకుడు తొయొతొమి హిదెయోషి అప్పటి రాజధాని క్యోటోలోని అనేక బౌద్ధాలయాలను నగరపు తూర్పు అంచున ఒకే వీధి పొడవునా చేర్పించాడు. ఆ రోజుల్లోనే నగరం చుట్టూ 22 కిలోమీటర్లకు పైగా సాగే మట్టికట్టను కూడా పోయించాడు. ఆ వీధిని నేటికీ తెరామాచి (ఆలయవాడ) అనే పిలుస్తారు. 1582లో హిదెయోషికి ముందటి పాలకుడు ఒదా నొబునాగా ప్రాణాలు విడిచిన హొన్నోజీ ఆలయం కూడా ఆ తరువాత హిదెయోషి ఆజ్ఞతో ఈ వీధికే తరలివచ్చింది; అందువల్ల ఇవాళ యాత్రికులు చూసే హొన్నోజీ, ఆ ఘటన జరిగిన స్థలంలో ఉన్నది కాదు.

ఇలా చేర్చడానికి కారణాలు చాలా ఉన్నాయి. కోటకు దగ్గరలోని మంచి నేల పాలకుడి కొలువువారికీ వర్తకులకూ కావాలి. భూములూ అనుచరులూ గల మఠాలన్నీ ఒకేచోట, కంటి ఎదుట ఉంటే అదుపులో పెట్టడం సులువు. పైగా ఎత్తైన ప్రహరీలు, సైన్యం బస చేయగల విశాలమైన మందిరాలు, ఇళ్ళు లేని శ్మశానాలు నగరపు అంచున ఉంటే దండెత్తి వచ్చే శత్రువుకు మొదటి అడ్డంకి అవే అవుతాయి. ఉత్తరాన హిరొసాకిలో త్సుగారు ప్రభువులు కోటకు నైరుతిలో సోతో జెన్ అనే బౌద్ధ శాఖకు చెందిన 33 ఆలయాలను ఒక చోట నిలిపారు. కనజావాలో మయెదా ప్రభువులు కోటకు రెండు పక్కలా పారే సాయ్, అసానో నదుల ఆవలి ఒడ్డున ఒక్కొక్క సమూహాన్ని, కొదాత్సునో మిట్ట మీద మరొకదాన్ని ఏర్పరిచారు. షోగున్ అనే సైనిక పాలకుడి నగరమైన ఎడోలో (నేటి టోక్యో) వీటికి తోడు అగ్ని కూడా ఒక కారణమైంది: 1657 నాటి మెయిరెకి అగ్నిప్రమాదంలో నగరంలో ఎక్కువ భాగం కాలిపోయాక షోగున్ ప్రభుత్వం ఎన్నో ఆలయాలను నగర మధ్యం నుంచి అసకుసా, యనకా వంటి శివార్లకు పంపివేసింది.

ఇక దిక్కు సంగతి. ఈశాన్యం నుంచి దుష్టశక్తులు ప్రవేశిస్తాయన్న నమ్మకం అక్కడ బలంగా ఉండేది. క్యోటోకు ఆ దిక్కున హియెయ్ కొండ మీది ఎన్‌ర్యకుజీని కావలిగా భావించేవారు. 1625లో తెన్‌కాయ్ అనే భిక్షువు ఎడో కోటకు ఈశాన్యాన, ఉయెనోలో, కనెయిజీని స్థాపించి దానికి ‘తూర్పు హియెయ్ కొండ’ అనే అర్థం వచ్చే బిరుదునామం పెట్టాడు. అంతటితో ఆగలేదు, దిగువనున్న షినొబజు చెరువును హియెయ్ పాదాల చెంత ఉండే బివా సరస్సుగా భావించి, ఆ సరస్సులోని పవిత్ర ద్వీపానికి బదులుగా చెరువులోనూ ఒక దీవి వెలిసింది. అంటే కొత్త నగరం పాత నగరపు పుణ్యస్థలాన్ని నకలు తీసుకుంది. ఊహానగరాన్ని కట్టే రచయితకు ఇంతకంటే సారవంతమైన విషయం దొరకదని నా అభిప్రాయం. మీ ఆలయవాడ దేనికి నకలు, ఆ అసలు స్థలం ఇంకా ఉందా, ఉంటే అక్కడి మఠాధిపతులు ఈ నకలును చూసి ఏమనుకుంటున్నారు అనే మూడు ప్రశ్నలకు సమాధానం రాసుకొని చూడండి. పొగమంచు అవసరం చాలావరకు తగ్గిపోతుంది. అలాగే బలవంతంగా తరలించబడిన ఆలయాలు పక్కపక్కన నిలబడ్డాయి కనుక, వాటి మధ్య పాత తగవులు, ఎవరి ద్వారం పెద్దదన్న పట్టింపులు, పాత స్థలంలో వదిలి వచ్చిన సమాధుల గురించిన బాధ తప్పక ఉంటాయి.

ప్రశ్న: నా కథలో ఒకే ఆవరణలో షింటో మందిరపు తోరియి ద్వారమూ, బౌద్ధ స్తూపగోపురమూ రెండూ ఉన్నాయి. షింటో (జపాన్ దేశీయ మతం), బౌద్ధం వేర్వేరు మతాలు కనుక ఇది తప్పని ఒక మిత్రుడు అన్నాడు. నిజమేనా?

జవాబు: మీ మిత్రుడు చెప్పినది 1868 తరువాతి జపాన్‌కు సరిపోతుంది. ఆ ఏడాది మెయిజీ ప్రభుత్వం కామీల (షింటో దేవతల) మందిరాలనూ బౌద్ధాలయాలనూ విడదీయాలని ఆదేశించింది. అంతకు ముందు వందల సంవత్సరాలపాటు రెండూ కలిసే ఉన్నాయి. స్థానిక కామీలను బుద్ధుల, బోధిసత్వుల రూపాలుగానే వివరించేవారు, మందిరాల నిర్వహణలో భిక్షువులు భాగం పంచుకునేవారు. అసకుసాలో సెన్సోజీ అనే బౌద్ధాలయం పక్కనే ఉన్న మందిరాన్ని చూడండి. 628లో ఇద్దరు అన్నదమ్ముల వలలో కన్నోన్ అనే బోధిసత్వ విగ్రహం పడిందని ఐతిహ్యం; విగ్రహం బౌద్ధాలయంలో కొలువుదీరగా, దాన్ని పట్టిన బెస్తవారినీ, దాని విలువ గుర్తించిన గ్రామపెద్దనూ పక్కనున్న మందిరంలో కామీలుగా పూజిస్తున్నారు. కనుక మీ ఆవరణను మార్చవద్దు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. కామీలకు మరణాశౌచం గిట్టదు. అంత్యక్రియలు, సమాధులు, పితృకర్మలు బౌద్ధాలయం బాధ్యత; అందుకే ఆలయవాడ నిండా శ్మశానాలు ఉంటాయి. మీ పాత్ర తండ్రిని దహనం చేసి నేరుగా తోరియి కిందుగా నడిచి వెళితే, తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు.

ప్రశ్న: ఆయుధాలు పట్టిన భిక్షువులు నిజంగా ఉండేవారా? ఉంటే ఆలయవాడలో వారిని ఎలా చూపాలి?

జవాబు: ఉండేవారు, కానీ మీరు ఎంచుకున్న కాలాన్ని బట్టి వారి స్థితి పూర్తిగా మారిపోతుంది. మధ్యయుగంలో హియెయ్ కొండ భిక్షువులు ఒక సైన్యంతో సమానం. కామో నది వరదలు, పాచికల పాటు, కొండ మీది భిక్షువులు, ఈ మూడే తన మాట వినవని షిరకావా చక్రవర్తి వాపోయినట్టు చెబుతారు. వారి అసలు ఆయుధం కత్తి కూడా కాదు. కోర్కె తీరనప్పుడు కామీ కొలువై ఉండే పల్లకిని భుజాలకెత్తుకొని రాజధానికి దిగివచ్చేవారు. దైవాపచారానికి జంకి ఎదుర్కొనేందుకు సైనికులు వెనుకాడేవారు. ఒక్కొక్కసారి ఆ పల్లకిని నగరంలోనే వదిలేసి వెళ్ళిపోయేవారు, అప్పుడు దాన్ని ఎవరు ముట్టుకోవాలన్నది రాజాస్థానానికి పెద్ద చిక్కు. ఇంత గొప్ప నాటకీయ సన్నివేశం చరిత్రలో సిద్ధంగా ఉండగా మన రచయితలు భిక్షువుల చేత గాలిలో ఎగిరి పోరాడించడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ఈ బలం పదహారో శతాబ్దంలో విరిగింది. 1571లో నొబునాగా హియెయ్ కొండను తగలబెట్టించాడు. 1570 నుంచి 1580 వరకు అతన్ని ఎదిరించి నిలిచిన మఠం ఇషియామా హొంగాన్‌జీ చివరికి లొంగిపోయింది, ఆ స్థలంలోనే తరువాత ఒసాకా కోట లేచింది. 1588లో హిదెయోషి రైతుల నుంచీ, ఆలయాల నుంచీ ఆయుధాలు లాక్కున్నాడు. నేను మొదటి జవాబులో చెప్పిన క్రమబద్ధమైన ఆలయవాడలు ఈ ఓటమి తరువాతివి. కనుక సాయుధ భిక్షువులూ, ఆజ్ఞ ప్రకారం వరుసకట్టిన ఆలయాలూ ఒకే నగరంలో ఉంటే, ఆ రెండింటి మధ్య ఒక యుద్ధం జరగబోతోందని అర్థం. మీ కథ సరిగ్గా ఆ అంచున మొదలయితే మంచిదే.

ప్రశ్న: ఆలయవాడలో కథ నడపడానికి పూజలు, పండుగలు తప్ప ఏముంటాయి? యుద్ధాలు లేని కాలాన్ని ఎంచుకున్నాను.

జవాబు: శాంతికాలపు ఆలయవాడలోనే కథలు ఎక్కువ, ఎందుకంటే అది నగరంలో ఉంటూనే నగర చట్టానికి కొంత బయట ఉండే చోటు. ఎడోలో పట్టణవాసుల వ్యవహారాలు నగర న్యాయాధికారుల చేతిలో ఉండగా, ఆలయాల భూములు 1635లో ఏర్పడిన జిషా బుగ్యో అనే వేరే అధికారుల పరిధిలోకి వచ్చేవి. ఆ పదవి దైమ్యోలనే ప్రాంతీయ ప్రభువులకే దక్కేది, వారికి ప్రత్యేకమైన కచేరీ లేదు, ఎవరి భవనంలో వారు విచారణ జరిపేవారు. నేరస్థుడిని తరుముతూ వచ్చిన నగర భటుడు ఆలయ ద్వారం దాటి తన ఇష్టప్రకారం సోదా చేసే వీలు లేదు. ఆలయాల ముందు వెలసిన అంగళ్ళ వీధులు కూడా మొదట ఈ వేరే పరిధిలోనివే. 1745లో వాటిని నగర న్యాయాధికారుల కిందికి మార్చారు. అటువంటి మార్పు జరిగే సంవత్సరాన్ని ఎంచుకుంటే, నిన్నటిదాకా నిశ్చింతగా ఉన్న ఒక జూదశాల యజమాని ఇవాళ ఏం చేస్తాడన్నది మీ చేతిలో ఉంటుంది.

రెండోది నమోదు పట్టీ. 1637, 1638 సంవత్సరాల షిమబారా తిరుగుబాటు తరువాత క్రైస్తవాన్ని పూర్తిగా తుడిచివేయడానికి ప్రభుత్వం ఇంటింటినీ ఏదో ఒక బౌద్ధాలయానికి అనుబంధం చేసింది. ఫలానా మనిషి మా ఆలయానికి చెందినవాడని పూజారి ధ్రువపత్రం ఇవ్వాలి. పెళ్ళికీ, కొలువుకీ, దూరప్రయాణానికీ అది కావాలి. దీనితో వీధి చివరి చిన్న ఆలయపు పూజారికి కూడా కరణంతో సమానమైన అధికారం వచ్చింది. కానుకలు ఇవ్వని కుటుంబం పేరు రాయడంలో జాప్యం చేస్తే ఆ కుటుంబం నోరెత్తలేదు. కత్తియుద్ధాల కంటే ఈ పట్టీలోనే మీ నవలకు ఎక్కువ బలం ఉందని నేననుకుంటాను.

మూడోది శరణాలయం. కమకురాలోని తోకెయిజీ ఆలయాన్ని 1285లో అంతకుముందటి పాలకుడు హోజో తొకిమునె భార్య, భర్త మరణానంతరం సన్యసించి స్థాపించింది. భర్త నుంచి విడిపోవాలనుకునే స్త్రీ పారిపోయి అక్కడికి చేరితే, ఎడో కాలంలో ఆలయపు అధికారులు ముందు ఇరుపక్షాలనూ పిలిపించి రాజీకో, విడాకుల పత్రానికో ప్రయత్నించేవారు; భర్త మొండికేస్తే ఆమె సుమారు రెండేళ్ళు అక్కడ ఉండి విముక్తి పొందేది. వెంబడించేవారు పట్టుకునేలోగా చెప్పునో, దువ్వెననో ద్వారం లోపలికి విసిరితే చాలు, చేరినట్టే లెక్క అని చెప్పుకునేవారు.

డబ్బు సంగతి కూడా మరవవద్దు. మరమ్మతుల నిధుల కోసం ఆలయాలు ప్రభుత్వ అనుమతితో లాటరీలు నడిపేవి. పెట్టెలో అంకెలు వేసిన చెక్క బిళ్ళలు పోసి, పొడవాటి సూదితో గుచ్చి తీసేవారు. యనకా, యుషిమా, మెగురోలలో జరిగే లాటరీలకు ఎడోలో గొప్ప పేరు. 1842లో సంస్కరణల పేరిట వాటిని నిషేధించారు.

ప్రశ్న: నింజాల ఆలయం ఒకటి ఉందట కదా?

జవాబు: కనజావాలోని మ్యోర్యూజీని యాత్రికులు అలా పిలుస్తారు. బయటికి రెండంతస్తులుగా కనిపించి లోపల నాలుగు అంతస్తులు, రహస్య మెట్లు, బోను వంటి గోతులు ఉన్న మాట నిజమే, కానీ అవి మయెదా ప్రభువుల రక్షణ కోసం చేసిన ఏర్పాట్లు. నింజాలతో సంబంధం లేదు.

ప్రశ్న: ఆ నగరంలో గడియారాలు ఉండవు కనుక, సమయాన్ని ఎలా సూచించాలి?

జవాబు: గంటలతో. పగలు ఆరు భాగాలు, రాత్రి ఆరు భాగాలు. సూర్యోదయ సూర్యాస్తమయాలను బట్టి లెక్క కనుక వేసవిలో పగటి భాగం పొడవు, శీతకాలంలో రాత్రి భాగం పొడవు. మధ్యాహ్నానికీ అర్ధరాత్రికీ తొమ్మిది దెబ్బలు, తరువాత ఎనిమిది, ఏడు అంటూ తగ్గి నాలుగు దాకా వచ్చి మళ్ళీ తొమ్మిది. ఎడోలో అసలు లెక్కకు ముందు, జనం చెవి ఒగ్గడానికి, మూడు దెబ్బలు వదిలేవారు. ‘పది గంటలకు కలుద్దాం’ అని మీ పాత్ర అనకూడదు. పది దెబ్బలు అసలు లేవు.

ప్రశ్న: మన దేవతలు జపాన్‌లో పూజలందుకుంటున్నారని విన్నాను. వారిని ఆలయవాడలోకి తీసుకురావచ్చా?

జవాబు: తీసుకురావచ్చు, అయితే అక్కడ వారున్న రూపంలోనే. సరస్వతి బెన్‌జైతెన్‌గా బివా అనే తంత్రీవాద్యం పట్టుకొని నీటి ఒడ్డున ఉంటుంది, పైన చెప్పిన షినొబజు దీవి ఆమెదే. కుబేరుడు బిషామొన్‌తెన్ అనే కవచధారి అయిన యోధుడు. యముడు ఎన్మా న్యాయమూర్తి దుస్తులలో కూర్చుంటాడు. వినాయకుడు కంగితెన్‌గా సాధారణంగా ఆలింగనం చేసుకున్న జంట రూపంలో ఉంటాడు, ఆ విగ్రహాన్ని భక్తులకు చూపరు. అసకుసాలోని మత్సుచియామా ఆలయంలో ఆయనకు ముల్లంగి సమర్పిస్తారు. కాబట్టి మీ నాయిక ఆ గుడిలో విగ్రహాన్ని కళ్ళారా చూసి దండం పెట్టుకున్నట్టు రాయకండి. మూసిన తలుపుల ఎదుట ముల్లంగి పెట్టి వెనుదిరిగినట్టు రాయండి.