బాబుకు రైలు తప్ప ఇంకో మాట లేదు

ప్రశ్న: మేము విశాఖపట్నం మర్రిపాలెంలో ఉంటాం. మా బాబుకు తొమ్మిదేళ్లు. లేచింది మొదలు రైళ్ల గొడవే. నంబర్లు, ఇంజిన్ రకాలు, ఏ బండి ఎక్కడ ఆగుతుందో అన్నీ నోటికి వచ్చు. ఎక్కాలు మాత్రం రావు. ప్రతి ఆదివారం స్టేషన్‌కు తీసుకెళ్లాల్సిందే. మా అత్తగారు డాక్టరుకు చూపించమంటున్నారు. మావారు మూడుసార్లు రైల్వే పరీక్ష రాసి, రాకపోతే ప్రైవేటు కంపెనీలో చేరారు. రైలు మాటెత్తితే, చదువు పాడవుతోందని ఆయనకు చిరాకు. మొన్న వాడు అట్టపెట్టెలతో చేసుకున్న ఇంజిన్‌ను చెత్తలో పడేశారు. వాడు రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు. పన్నెండేళ్ల పాప కూడా ఉంది, తను ఏ పేచీ పెట్టదు. నేనేం చేయాలి?

జవాబు: ముందు మీ అత్తగారి మాట. ఒక పిల్లాడికి రైళ్లంటే పడిచచ్చేంత ఇష్టం ఉండటం జబ్బు కాదు. ఈ ఊళ్లో పెరిగి, బైలడిల్లా నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు పెట్టెలు లెక్కపెట్టని వాళ్లెవరు? నేనైతే నలభై పెట్టెలు దాటాక లెక్క తప్పేదాన్ని. అయితే వాడు తోటి పిల్లలతో బొత్తిగా కలవకపోయినా, పిలిస్తే పలక్కపోయినా, రోజూ చేసే పని కాస్త అటూ ఇటూ అయితే తట్టుకోలేకపోయినా పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. అప్పుడు కూడా చెప్పాల్సింది ఆ సంగతులు, రైళ్ల సంగతి కాదు.

నన్ను ఆపింది మీ ఉత్తరంలో మధ్యన వచ్చిన ఒక్క వాక్యం. మీవారు మూడుసార్లు పరీక్ష రాశారు అన్నారు. తర్వాత దాని ఊసే లేదు. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు గానీ, తనకు దక్కని రైలు రోజూ ఇంట్లో కూత పెడుతుంటే ఎవరికైనా చివుక్కుమంటుంది. చదువు సాకు కావచ్చు. ఈ మాట మీరు ఆయన ముఖం మీద అనకండి. పిల్లలు పడుకున్నాక, 'ఆ పరీక్షల రోజుల్లో ఎలా చదివేవారు?' అని మాత్రం అడగండి. చెబితే వినండి, చాలు.

ఇంజిన్ పడేసినందుకు ఆయన వాడికి సారీ చెప్పాలి. తండ్రి కొడుక్కి చెప్పడమేంటి అనుకుంటారేమో! చెబితే తండ్రి పరువేం పోదు. నోటితో రాకపోతే ఇంకో అట్టపెట్టె తెచ్చి పక్కన కూర్చోమనండి.

ఆ తర్వాత ఒక ఆదివారం మీరు ఇంట్లో ఉండిపోండి. వాళ్లిద్దర్నే స్టేషన్‌కు పంపండి. ప్లాట్‌ఫాం టికెట్టు 10 రూపాయలు, 2 గంటలు చెల్లుతుంది, అంతకన్నా ఎక్కువసేపు అక్కర్లేదు కూడా. హౌరా నుంచి చెన్నై వెళ్లే బండి మన స్టేషన్‌లో వచ్చిన దారినే ఎందుకు వెనక్కి తిరుగుతుందో, ఇంజిన్ ఈ చివర నుంచి ఆ చివరకు ఎందుకు మారుస్తారో, కొన్ని బళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగానే ఎందుకు పోతాయో వాడిని అడగమనండి. ఆయనకు తెలిసినా సరే, తెలియనట్టే అడగాలి. తొమ్మిదేళ్ల వాడికి నాన్నకు పాఠం చెప్పే అవకాశం ఎన్నిసార్లొస్తుంది చెప్పండి.

ఒక్క చోట మాత్రం గారాబం వద్దు. మర్రిపాలెం, కంచరపాలెం వైపు పట్టాలు ఇళ్లకు దగ్గర. పెద్దవాళ్లు లేకుండా అటు అడుగు పెట్టకూడదు. ఆగిన గూడ్సు పెట్టె ఎక్కితే పైన తీగలో ఉండేది 25,000 వోల్టులు, ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా ప్రాణం పోతుంది. వోల్టుల లెక్క చెబితే వాడు వింటాడు, భయపెడితే వినడు.

ఎక్కాలకు టైంటేబుల్ ఉంది. మనకూ విజయవాడకూ సుమారు 350 కిలోమీటర్లు. బండి గంటకు 50 చొప్పున పోతే ఎన్ని గంటలు, 70 చొప్పున పోతే ఎన్ని గంటలు అని వాడినే లెక్క కట్టమనండి. మార్కుల గురించి ఇంతకన్నా టెన్షన్ పడకండి.

ఇక పాప. తను పేచీ పెట్టదన్నారు. నాకు ఆ మాటే గుచ్చుకుంది. ఏడాదికి యాభై రెండు ఆదివారాలు తమ్ముడి స్టేషన్‌కే పోతే తను ఎటు పోవాలి? నెలలో రెండు ఆదివారాలు పాపవి. ఆర్కే బీచ్ అంటుందో, స్నేహితురాలి ఇల్లంటుందో, ఊరికే ఇంట్లో పడుకుంటానంటుందో తన ఇష్టం. ఆ రోజు ఇంట్లో రైలు మాట ఉండదని వాడికి ముందు రోజే చెప్పండి, అప్పటికప్పుడు చెబితే గోల చేస్తాడు.

సెలవులకు నలుగురూ పొద్దున్నే కిరండూల్ బండి ఎక్కి అరకు వెళ్లిరండి. దారిలో శిమిలిగుడ స్టేషన్ వస్తుంది, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. వాడు ఆ బోర్డు కోసం లేచి నిలబడతాడు. కిటికీ సీటు మాత్రం పాపకే ఇవ్వండి. వాడు అలుగుతాడు. అలగనివ్వండి.