పెళ్లయ్యాక కథలు రాయడం సాగుతుందా? నా అనుభవం

కథలు రాసే అమ్మాయికి పెళ్లయితే రాత ఏమవుతుందని అడిగారు. మీకు త్వరలోనే ముహూర్తమని కూడా రాశారు కాబట్టి పైపైన కాకుండా ఉన్నదున్నట్టు చెబుతాను.

మాది తెనాలి. పెళ్లయి పలాస వచ్చాను. మొదటి ఏడాది ఒక్క కథ కూడా పూర్తి కాలేదు. టైం లేకే అనుకుంటారు అందరూ. టైం ఏదోలా దొరుకుతుంది, దొరకనిది ఏకాంతం. పుట్టింట్లో నోట్‌బుక్ ముందేసుకుని గంటలు గంటలు కూర్చున్నా పట్టించుకునేవాళ్లు లేరు. కొత్త కోడలు గోడవైపు చూస్తూ కూర్చుంటే మాత్రం ఒంట్లో బాగాలేదా, పుట్టిల్లు గుర్తొచ్చిందా అని తలా ఒకరూ అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. కానీ నాకు కథ అల్లుకునేది ఆ గోడవైపు చూసే వేళలోనే.

ఈ సంగతి మా ఆయనతో విడమరిచి మాట్లాడాను. "రాసుకో, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. అభ్యంతరం లేకపోతే చాలదు, నేను తలుపేసుకున్నప్పుడు పొయ్యి దగ్గర ఎవరుంటారో చెప్పమన్నాను. ఇప్పుడు ఆదివారం పొద్దున టిఫిను, చట్నీ, వచ్చిన చుట్టాలతో మాటలు అన్నీ ఆయనే చూసుకుంటారు. మీరూ ఇంత వివరంగా పెళ్లికి ముందే మాట్లాడుకోండి. సపోర్ట్ చేస్తానన్న మాట దగ్గరే ఆగిపోకుండా ఏ రోజు, ఏ గంట అన్నది తేల్చుకోండి.

రాత తగ్గిన మాట ఇదీ. మారిన మాట ఇంకా పెద్దది. మా అత్తయ్య వయసులో ఉండగా జీడి పరిశ్రమలో పనిచేశారు. మధ్యాహ్నాలు భోజనాలయ్యాక ఆవిడ చెప్పే కబుర్లు వింటూ వింటూ మళ్లీ రాయడం మొదలుపెట్టాను. జీడిపిక్కలు కొట్టే ఆడమనిషి మీద కథ రాసి, పత్రికకి పంపేముందు ఆవిడకి చదివి వినిపించాను. ఒకచోట ఆపమన్నారు. "ముందు సేతికి నూనె రాసుకుంటాది గదమ్మా, అది రాయవేటి?" అని అరచెయ్యి చాచి చూపించారు. పిక్క పెంకులో జిగట రసం ఉంటుంది, అది తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది. ఆ పని మానేసి ఏళ్లయినా ఆవిడ బొటనవేలి కొస, చూపుడువేలి పక్కన గరుకుగానే ఉన్నాయి. ఆ చెయ్యి కథలోకి వచ్చింది. తెనాలిలోనే ఉండిపోయి ఉంటే అలాంటి వాక్యం నా కలానికి అందేది కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఈ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు కుప్పకూలిపోయాయి. అప్పటికి నేనిక్కడ లేను. ఆ రాత్రి గురించి ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు, నేను రాస్తున్న నవల అక్కణ్నుంచే పుట్టింది. ఇక్కడ పిక్కల ధర బస్తా లెక్కన చెబుతారు, బస్తా అంటే 80 కిలోలు. నా నవలలో తల్లి కూతురి పెళ్లి ఖర్చంతా ఆ బస్తాల్లోనే లెక్కేసుకుంటుంది. సగం దాకా వచ్చాను.

ఇంట్లోవాళ్ల జీవితం కథల్లోకి వస్తుంటే ఇబ్బంది కూడా తప్పదు. ఒక కథ అచ్చయ్యాక మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, అందులో అత్తగారు మా అమ్మేనా?" అని అడిగింది. గొంతులో బాధ ఉంది. ఆ పాత్రలో ఎవరెవరి పోలికలున్నాయో దాచకుండా చెప్పాను. అప్పట్నుంచీ ఇంట్లో విన్న సంగతి ఏదైనా వాడుకోవాలంటే ముందు అడుగుతాను. వద్దన్నది రాయను. కానీ వాళ్లు నొచ్చుకుంటారేమోనని నేనే ఊహించుకుని ముందుగానే మెత్తబరచడం మాత్రం చెయ్యను. అత్తారింట్లో రాసేవాళ్లకి అసలు ప్రమాదం అదేనని నా నమ్మకం. ఎవరూ వద్దనకుండానే కలం తగ్గిపోతుంది.

ఇక ఇంటిపేరు. పెళ్లయ్యాక కథ కింద ఏ ఇంటిపేరు వేసుకోవాలని మీరు ప్రత్యేకంగా అడిగారు. అబ్బూరి ఛాయాదేవి గారు అత్తింటి పేరుతోనే రాశారు, 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఆ పేరుకే వచ్చింది. రంగనాయకమ్మ గారు మొదట ముప్పాళ అని రాసినా, తర్వాత ఉత్త పేరే ఉంచుకున్నారు. కాబట్టి ఇదే పద్ధతని ఎవరూ చెప్పలేరు. నేను పుట్టింటి పేరే ఉంచుకున్నాను. కారణం శ్రీకాకుళంలో కళ్లకి కనబడింది. పెళ్లయిన కొత్తలో మా ఆయన అక్కడి కథానిలయం, అంటే తెలుగు కథల గ్రంథాలయం, చూపించడానికి తీసుకెళ్లారు. పలాసలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్నుంచి ఊళ్లోకి వెళ్లాలి. 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు స్థాపించిన ఆ ఇంట్లో పాత పత్రికలన్నీ బీరువాల్లో, రచయితల ఫొటోలు గోడల మీద. అచ్చయిన ప్రతి తెలుగు కథా దొరకాలన్నది అక్కడి పట్టుదల. పెళ్లికి ముందు కథలు ఒక పేరుతో, తర్వాతవి ఇంకో పేరుతో ఉంటే రేపు వెతికే పాఠకుడికి నేను ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాను. ఆధార్‌లో, బ్యాంకులో ఏ పేరున్నా, కథ కింద పేరు మారకూడదని ఆరోజే అనుకున్నాను. మామయ్యగారు కొంచెం నొచ్చుకున్నారు. కారణం చెబితే అర్థం చేసుకున్నారు.

ప్రస్తుతం మొదటి కథల సంపుటి డీటీపీ అయి ప్రూఫులు చూస్తున్నాను. మా మరిది ఒక కాపీ తీసుకుని యాసలో ఉన్న సంభాషణలన్నీ పైకి చదివి సరిచూస్తున్నాడు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం నాటికి తేవాలని ఆశ. మీరు మొదలుపెట్టిన కథ ఉంటే పెళ్లి పనుల్లో పడకముందే ఒక డ్రాఫ్టయినా ముగించండి, వెళ్లిన చోట దిద్దుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.