నలుపు, ఆకుపచ్చ రంగులతో గోళ్లను ఇంట్లోనే ఎలా అలంకరించుకోవాలి?

బోనాలకు ఆకుపచ్చ చీర కట్టుకుంటున్నానని, గోళ్లకు నలుపు, ఆకుపచ్చ కలిపి ఏం వేసుకోవచ్చని అడిగారు. ఆ పండుగకు వేపాకును మించిన నమూనా లేదని నా అభిప్రాయం.

ముదురు రంగులు గోటిపై మరక మిగులుస్తాయి కనుక ముందుగా రంగులేని బేస్ కోట్ వేయాలి. ఆపైన నలుపును రెండు పలుచని పూతలుగా, మొదటిది ఆరాకే రెండవది వేయాలి. ఒకేసారి మందంగా వేస్తే పైపొర ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉండి, చీర కుచ్చిళ్లు సర్దుకునేసరికి ముడతలు పడుతుంది.

ఇక ఆకు. టూత్‌పిక్ మొనను చిలకపచ్చ రంగులో ముంచి, గోటి మూల నుంచి కొనవైపు కొడవలిలా వంగిన ఈనెను గీసి, దానికి ఇరువైపులా చిన్న ఏటవాలు గీతలు పెడితే వేపాకు రూపం వస్తుంది. ముదురు ఆకుపచ్చ నలుపులో కలిసిపోతుంది కాబట్టి, హైదరాబాద్‌లోని కోఠి బజారులో కొనేటప్పుడు లేత రంగునే ఎంచుకోండి. ఉంగరపు వేలికి మాత్రమే ఆకు గీసి, మిగతావాటికి పిన్ను గుండుతో చుక్కలు పెట్టినా చాలు. (కుడిచేతి గోళ్లకు ఎడమచేత్తో ఆకు గీయడం అంత తేలిక కాదు, అక్కడ చుక్కలే మేలు.) చివరగా టాప్ కోట్‌ను, అంటే పైన వేసే రంగులేని పూతను, గోటి అంచుకూ తాకించాలి.