తుప్పుకి భయపడకండి, వైరుకి భయపడండి

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ షాపుకి వెళ్తే పాత వంట సామాన్ల దగ్గర నా కాళ్లు ఆగిపోతాయి. మొన్న తుప్పు పట్టిన పోత ఇనప పెనం ఒకటి, గుడ్డ అల్లిన వైరున్న టోస్టర్ ఒకటి తెచ్చాను. ఇంట్లోవాళ్లు చెత్త అంటున్నారు. వాడుకోవచ్చా అండీ?

జవాబు: పెనం వాడుకోవచ్చమ్మా. టోస్టర్ ప్లగ్గు మాత్రం ఇంకా పెట్టకండి.

ముందు పెనాన్ని వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిదే. గొంతు బొంగురుపోయిందా, ఎక్కడో బీట ఉన్నట్టే. స్టీలు పీచు, సబ్బు పెట్టి తుప్పంతా వదిలేదాకా తోమండి. పొయ్యి మీద తడి ఆర్చి, పల్చగా నూనె రాయండి. రాసిన నూనెని మళ్లీ పొడిగుడ్డతో తుడిచేయాలి, అసలు రాశామా అన్నట్టుండాలి. నేను ఈ తుడవడం దగ్గరే బద్ధకించాను. నా మొదటి పెనం బంక పట్టి, మూత వేస్తే మూత అతుక్కునేది. తుడిచాక ఓవెన్‌లో బోర్లించి 230 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే నలుపు తిరుగుతుంది.

ఒక్క అనుమానం మాత్రం తీర్చుకోండి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే గాలానికి కట్టే గుండ్లు పోసుకునేవాళ్లు ఇలాంటి పాత పెనాల్లోనే దాన్ని కాచేవారు. కంటికి తెలియదు. సీసం పరీక్ష పుల్లలు దొరుకుతాయి, తోమకముందే ఓసారి రుద్ది చూడండి. సీసం ఉందని తేలితే ఎంత తోమినా దాన్ని వంటకి వాడకూడదు.

ఇక టోస్టర్. ఆ గుడ్డ లోపలి రబ్బరు ఈపాటికి అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది, వంచితే రాలుతుంది. పాత వేడి సామాన్ల వైర్లలో కొన్నింటికి ఆస్‌బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి ముప్పు తెచ్చే రాతినార) కూడా చుట్టేవారు కాబట్టి మీరు కోసి చూడొద్దు. తెలిసిన మెకానిక్ చేత వైరు మొత్తం మార్పించండి. అంతకన్నా ముందు అడుగున రేకు మీద వోల్టేజి ఎంతని రాసుందో చదవండి. నేను చదవలేదు. 120 వోల్టుల టోస్టర్‌ని 230లో పెట్టి స్విచ్ వేశాను. తీగలు ఎర్రబడాల్సింది, తెల్లగా వెలిగి టప్పుమన్నాయి. వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగింతలని చిన్నప్పుడు చదివిందే, షాపులో ఆ నికెల్ మెరుపు చూశాక గుర్తొస్తేగా!

రొట్టె దానంతటదే పైకెగిరే టోస్టర్లు ఇళ్లకి వచ్చింది 1926లో. మీది పక్కలకి తలుపుల్లా తెరుచుకునే రకమైతే అంతకుముందు పద్ధతిదన్నమాట, రెండో వైపు కాలాలంటే మీరే తిప్పాలి. నా దగ్గర అలాంటిదొకటుంది. వైరు పీకేసి అల్మారాలో పెట్టుకున్నాను.